పాత కారు ఇంజను అసలుదేనా? విప్పకముందు, విప్పుతూ, విప్పాక చూడవలసినవి

"తాతగారి అంబాసిడర్ బాగు చేయిస్తున్నాను, ఇంజను ఒరిజినలేనా అన్నది ఎలా తెలుస్తుంది?" "పద్మిని కారు అమ్మే ఆయన అన్నీ కంపెనీ పార్టులే అంటున్నాడు, నమ్మవచ్చా?" మదనపల్లె నుంచి శ్రీకాళహస్తి దాకా ఎవరు ఫోను చేసినా ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికి విడిగా చెప్పినప్పుడు ఏదో ఒకటి మరచిపోతున్నాను. అందుకే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మన వైపు ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. తిరుపతిలో అంబాసిడర్ అంటే చాలా ఏళ్లు టాక్సీయే. యాత్రికులతో, సామానుతో ఘాట్ రోడ్డు ఎక్కిన బండికి ఇంజను పని తప్పదు. పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను పెట్టించిన బళ్లూ చాలా ఉన్నాయి. చిత్తూరుకు ఒక పక్క తమిళనాడు, మరో పక్క కర్ణాటక. మూడు రాష్ట్రాల మధ్య చేతులు మారిన కారులో మూడు చోట్ల మెకానిక్కుల చేతిపని ఉంటుంది. కాబట్టి నమ్మకంతో కాదు, పరిశీలనతో మొదలుపెట్టండి.

ముందుగా ఒక మాట తేల్చుకోండి. 'ఒరిజినల్' అనే ఒక్క మాట కింద బజారులో మూడు రకాల సరుకు అమ్ముడవుతోంది. ఈ కారుతోపాటు ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చిన భాగం మొదటిది. ఆ కాలంలో అదే కంపెనీ గానీ, దానికి సరఫరా చేసిన సంస్థ గానీ తయారుచేసి, తరువాత ఈ కారుకు చేరిన భాగం రెండవది. ఈ మధ్య పోతపోసిన నకలు మూడవది. మీకు మొదటిదే కావాలా, రెండవది చాలా అన్నది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో వాళ్లతో ఊరు తిరగడానికైతే రెండవది నిశ్చింతగా వాడవచ్చు. మూడవదాన్ని మొదటిదిగా చెప్పి అమ్మడమే మోసం.

కావలసినవి

ఆర్.సి. పుస్తకం లేదా కార్డు, మీ మోడల్ వర్క్‌షాపు మాన్యువల్, పార్టుల జాబితా. టార్చి, చేతిలో ఇమిడే చిన్న అద్దం, భూతద్దం. పలుచని తెల్లకాగితం, మెత్తని పెన్సిల్. కిరోసిన్, పాత టూత్‌బ్రష్షు, నూలుగుడ్డ. వెర్నియర్ కాలిపర్, అయస్కాంతం. అంగుళాలకూ మిల్లీమీటర్లకూ విడివిడిగా థ్రెడ్ గేజి (బోల్టు మరచుట్ల ఎడం కొలిచే పళ్ల రేకులు). దారం కట్టిన అట్టముక్కలు, ప్లాస్టిక్ సంచులు, ఒక నోటుపుస్తకం.

వైరు బ్రష్షు ఈ జాబితాలో లేదని గమనించండి. నా మొదటి అంబాసిడర్‌కు డ్రిల్లుకు తగిలించిన వైరు బ్రష్షుతో బ్లాకంతా (ఇంజను ప్రధాన పోత భాగం) మెరిపించాను. ఆ తరువాతే ఫ్యాక్టరీ రంగు ఏదో చూద్దామని వెతికితే, నంబరు గుంటల్లో కూడా రవ్వంత రంగు మిగలలేదు. ఆ పోయిన సాక్ష్యం మళ్లీ రాలేదు.

1. కాగితాలు చదవండి

బానెట్ ఎత్తకముందే ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు, ఇంధనం, సి.సి., తయారైన నెల, సంవత్సరం నోటుపుస్తకంలో రాసుకోండి. తయారీ తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ వేరు. డీలరు దగ్గర నెలల తరబడి ఆగిన కార్లు ఉన్నాయి. భాగాల మీది తేదీలను తయారీ తేదీతోనే పోల్చాలి.

సి.సి. ఒక్కటే చూసి తృప్తిపడకండి. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజను 1489 సి.సి., తరువాత వచ్చిన బి.ఎం.సి. (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) డీజిల్ ఇంజను కూడా 1489 సి.సి.యే. తేడా ఇంధనం గడిలో మాత్రమే కనబడుతుంది. అదే 1990లలో వచ్చిన ఇసుజు (జపాను కంపెనీ) పెట్రోలు ఇంజనైతే 1817 సి.సి. ఆర్.సి.లో 1489 అని ఉండి, బానెట్ కింద ఇసుజు కనిపిస్తే ఇక మిగతా పరిశీలన అక్కర్లేదు, ఇంజను మారింది. ఫియట్ 1100 డిలైట్, దాని వారసురాలు ప్రీమియర్ పద్మిని పెట్రోలు ఇంజను 1089 సి.సి.

కారు పక్క రాష్ట్రం నుంచి వచ్చి ఉంటే పాత ఎన్.ఓ.సి.లో (ఆ రాష్ట్రపు ఆర్.టి.ఓ. ఇచ్చిన నిరభ్యంతర పత్రం) ఇంజను నంబరు ఏమి రాశారో చూడండి. పాత పుస్తకంలో అంకెలు చెరిగిపోతే, రిజిస్టర్ చేసిన ఆర్.టి.ఓ. కార్యాలయంలో బి రిజిస్టరు (అక్కడి అసలు వాహన నమోదు పుస్తకం) నకలు కోసం దరఖాస్తు పెట్టండి. ఏపీ 03 సిరీసు రాకముందు నాటి మూడక్షరాల నంబరు బళ్లకు ఇది మరీ ముఖ్యం. చేతిరాతల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 1 కాస్తా 7 అయిన సందర్భాలు ఉంటాయి. అది గుమాస్తా పొరపాటు. దాన్ని ఇంజను మార్పుగా పొరబడి మంచి కారును వదులుకోకండి.

2. తుడవకముందే ఫొటోలు

బ్యాటరీ వైరు తీసేసి, ఇంజను పూర్తిగా చల్లారాక నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి. జిడ్డు, దుమ్ము ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఒక బోల్టు చుట్టూ మాత్రమే జిడ్డు లేకపోతే అక్కడ ఈ మధ్య పానా పడిందని అర్థం. అమ్మకానికి ముందు ఇంజనంతా కొత్తగా రంగు వేసి ఉంటే జాగ్రత్త. రబ్బరు గొట్టాల మీద, వైర్ల మీద కూడా అదే రంగు పడి ఉంటే అది తొందరలో చేసిన పని.

3. ఇంజను నంబరు

ఇది అన్నిటికన్నా నిదానంగా చేయవలసిన పని. ఒక పూట దీనికే కేటాయించండి.

నంబరు ఎక్కడ ఉంటుందో మాన్యువల్‌లో చూడండి. కొన్ని ఇంజన్లకు బ్లాకు మీద చదును చేసిన చోట గుద్ది ఉంటుంది, కొన్నింటికి రివెట్లు కొట్టిన పలక మీద ఉంటుంది. కిరోసిన్‌లో ముంచిన టూత్‌బ్రష్షుతో మెల్లగా రుద్దండి, గుడ్డతో అద్దండి. గీకవద్దు, ఎమెరీ కాగితం తాకించవద్దు.

తరువాత పలుచని కాగితం ఆనించి, పెన్సిల్ పక్కవాటుగా పెట్టి తేలికగా రుద్దండి. ఆర్.టి.ఓ. తనిఖీకి ఛాసిస్ ముద్ర తీసే పద్ధతే ఇది. కంటికి కనబడని గీతలు కూడా కాగితం మీద తేలతాయి. మూడు ముద్రలు తీయండి.

ఇప్పుడు భూతద్దంతో అంకెలను కాదు, అంకెల చుట్టూ ఉన్న చోటును చూడండి. ఫ్యాక్టరీలో చదును చేసిన చోట సన్నని గీతలు ఒకే తీరుగా సాగుతాయి. గుండ్రంగా తిరిగిన గ్రైండర్ గీతలు ఉన్నా, ఆ చోటు చుట్టుపక్కల కన్నా కాస్త లోతుగా ఉన్నా, వెల్డింగ్ చేసి అరగదీసినట్టు లోహం రంగు మారినా అనుమానించండి. అయస్కాంతం మిగతా బ్లాకుకు గట్టిగా అంటుకొని అక్కడ బలహీనంగా పట్టుకుంటే, పైన లప్పం లాంటిది పూసి ఉండవచ్చు. పలక రకమైతే రివెట్లు చూడండి. పలక పాతదై రివెట్లు నిగనిగలాడుతుంటే పలక వేరే ఇంజను నుంచి వచ్చిందేమోనని ఆలోచించాలి.

ఇక్కడ ఎక్కువ మంది చేసే తప్పు, అంకెలు వంకరగా ఉన్నాయని నకిలీ అనేయడం. పాత ఫ్యాక్టరీల్లో చేత్తో గుద్దిన అంకెలు ఒక వరుసలో లేకపోవడం మామూలే. వంకర అంకెలు నేరం కాదు, అంకెల కింది చోటును అరగదీసి ఉంటేనే ప్రమాదం.

సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ఆర్.సి. చూడని మరొకరిని పిలిచి నంబరు చదివించి రాయించండి. మనకు కావలసిన అంకెను ముందే తెలుసుకొని చదివితే 3 కూడా 8 లాగే కనబడుతుంది. ఇద్దరూ రాసింది ఒకటైతేనే ఖాయం.

హెచ్చరిక: అరగదీసి మళ్లీ గుద్దిన నంబరని తేలితే కొనుగోలు అక్కడే ఆపండి. చెరిపిన నంబరును ఆమ్లాలు పూసి పైకి తేవచ్చని విని ఇంట్లో ప్రయత్నించకండి. అది ఫోరెన్సిక్ ప్రయోగశాలల పని. ఇంజను నిజాయతీగా మారి, ఆర్.సి.లో ఎక్కకపోతే అది వేరే సంగతి. ఇంజను మారిస్తే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం సెక్షను 52 చెబుతుంది. అమ్మేవారి చేతనే ఆ పని పూర్తి చేయించి తరువాత డబ్బు ఇవ్వండి.

4. పోత అంకెలు

బ్లాకు, హెడ్డు (బ్లాకు పైన బిగించే మూత), మానిఫోల్డుల (గాలి, పొగ గొట్టాలు) మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు, అంకెలు అచ్చులో పోతపోసినప్పుడే వచ్చినవి. వీటిని గుద్దిన నంబరుతో కలగలపవద్దు. పోత అంకె ఆ అచ్చుకు చెందినది, ఒకే అచ్చులో వచ్చిన బ్లాకులన్నిటికీ అదే ఉంటుంది. పార్టుల జాబితాలోని నంబరు దీనితో కలవకపోయినా కంగారుపడకండి, లేత్ పని పూర్తయ్యాక భాగానికి వేరే నంబరు ఇవ్వడం ఉంది.

పోత తేదీ కనబడితే లెక్క సులువు. పోత ముందు, గుద్దడం తరువాత, కారు ఆ తరువాత. బ్లాకు పోత తేదీ కారు తయారీ తేదీ కన్నా వెనకటిదై ఉండాలి. కారు పుట్టాక పోసిన బ్లాకు ఆ కారుది కాలేదు.

లోహం కూడా చూడండి. అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజనుకు బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే, అయస్కాంతం రెండింటికీ అంటుకుంటుంది. పద్మినికి బ్లాకు ఇనుము, హెడ్డు అల్యూమినియం. హెడ్డు మీద అయస్కాంతం జారిపోవాలి.

పోతలో పడిన చిన్న చిన్న గుంటలు, ఇసుక మచ్చలు ప్రతి భాగానికీ వేరుగా ఉంటాయి, మన వేలిముద్రల్లాగే. వాటిని దగ్గరగా ఫొటో తీసి ఉంచండి. ఒకసారి నా హెడ్డును చదును చేయించడానికి ఒక లేత్ వర్క్‌షాపుకు ఇస్తే, తిరిగి వచ్చింది వేరొకరిది. ఫొటోలోని గుంట చూపించాకే వాళ్లు వెతికి నాది నాకిచ్చారు. లేత్ షాపుకు పంపేటప్పుడు మరో జాగ్రత్త కూడా అవసరం. చదును చేయవలసిన ముఖం అంచుకు నంబరు దగ్గరగా ఉంటే, "ఇక్కడ కట్టరు తగలకూడదు" అని నోటితో చెప్పడమే కాదు, కాగితం మీద రాసి బ్లాకుకు కట్టండి.

5. బోల్టులు చెప్పే కథ

దీన్ని ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం ఇంజను చరిత్ర ఎక్కువగా ఇక్కడే దొరికింది.

అంబాసిడర్ పాత ఇంజను బ్రిటిష్ సంతతిది, దాని బోల్టులు అంగుళాల లెక్కవి. పద్మిని ఇటలీ సంతతిది, దానివి మిల్లీమీటర్లవి. అంబాసిడర్ ఇంజనులో బోల్టు తల మీద 8.8 అని అచ్చు ఉంటే అది మెట్రిక్ బోల్టు, తరువాత ఎవరో బిగించింది.

పానా పట్టినంత మాత్రాన నమ్మకండి. అర అంగుళం పానా అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు పానా దాని మీద కూడా దాదాపు కూర్చుంటుంది, కాస్త వదులుగా ఉంటుంది, అంతే. అలా పట్టి తిప్పీ తిప్పీ మూలలు అరిగిపోయిన తలలు మన వర్క్‌షాపుల్లో ఎన్నో. తేల్చి చెప్పేది మరచుట్టే. 5/16 అంగుళం సన్నమర బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. 8 మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకు చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి సుమారు 20 చుట్లు. మందం దాదాపు ఒకటే కాబట్టి ఒకటి రెండు చుట్లు ఎక్కుతుంది, తరువాత బలవంతంగా తిప్పితే బ్లాకులోని మర తెగిపోతుంది. థ్రెడ్ గేజి ఆనించి చూడండి, పళ్లు పూర్తిగా కూర్చోవాలి, సందులోంచి వెలుతురు రాకూడదు.

తీసిన ప్రతి బోల్టును ఏ చోటిదో రాసిన అట్టముక్కతో సంచిలో వేయండి. మర తెగిన రంధ్రం ఉంటే లేత్ షాపులో అదే కొలత మర పడేలా ఇన్‌సర్ట్ (లోపల కొత్త మర ఉన్న చిన్న చుట్ట) వేయించండి, పెద్ద బోల్టు కోసం రంధ్రం పెంచనివ్వకండి.

6. బయట తగిలించిన భాగాలు

డైనమో, స్టార్టరు, డిస్ట్రిబ్యూటరు, కార్బురేటర్ వినియోగంలో మారిపోయేవి. ఇవి మొదటివే ఉండాలన్న పట్టుదల వద్దు, కాలానికి సరిపోతే చాలు. కాలం పట్టుకోవడానికి తయారీదారు పేరే ఆధారం. లూకాస్ టీవీఎస్ సంస్థ 1961లో ఏర్పడింది. 1959 నాటి కారులో ఆ పేరున్న డైనమో ఉంటే తరువాత మార్చినదే. బెంగళూరు మైకో 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది. మైకో అని అచ్చున్న స్పార్క్ ప్లగ్గు అంతకు ముందుది.

ఎస్.యు. కంపెనీ కార్బురేటర్‌కు మూత స్క్రూ కింద చిన్న నంబరు బిళ్ల ఉండేది. శుభ్రం చేసినప్పుడు దాన్ని పారేసిన మెకానిక్కులే ఎక్కువ. బిళ్ల ఉంటే మీ అదృష్టం, లేకపోతే నకిలీ అనుకోనక్కరలేదు.

7. లోపల

హెడ్డు తీశాక పిస్టన్ తల తుడిచి చూడండి. ఎస్‌టీడీ అని ఉంటే మొదటి కొలత. అంబాసిడర్ వైపు 020, 040 లాంటి అంకెలు అంగుళంలో వెయ్యో వంతులు, బోరు (పిస్టన్ కదిలే రంధ్రం వెడల్పు) అంత పెంచారని అర్థం. పద్మినికి 0.2, 0.4, 0.6 మిల్లీమీటర్ల లెక్క. మొదటి కొలతలు గుర్తుంచుకోండి: అంబాసిడర్ పాత 1489 సి.సి. ఇంజను బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 88.9. పద్మిని బోరు 68, స్ట్రోకు 75. వెర్నియర్‌తో బోరు ఉజ్జాయింపుగానే తెలుస్తుంది, ఖచ్చితంగా కావాలంటే లేత్ షాపులో బోర్ గేజి పెట్టించండి.

ఎస్‌టీడీ చూసి చాలామంది సంబరపడతారు. ఆగండి. రెండు మూడు సార్లు రీబోరు అయ్యి, ఇక పెంచడానికి వీలు లేక స్లీవులు (రంధ్రంలో తొడిగే లోహపు గొట్టాలు) దించి మళ్లీ మొదటి కొలతకు తెచ్చిన బ్లాకులోనూ ఎస్‌టీడీ పిస్టనే ఉంటుంది. బోరు పై అంచును గుడ్డతో తుడిచి, టార్చి వాలుగా పట్టండి. వెంట్రుకంత సన్నని వలయం కనబడితే స్లీవు వేసినట్టే. అది తప్పు కాదు, బ్లాకు అసలుదే కావచ్చు. కాని "ఇంజను ఎప్పుడూ విప్పలేదు" అని అమ్మేవారు చెప్పిన మాట నిలవదు. బేరింగ్ షెల్లుల (షాఫ్టు చుట్టూ ఉండే అరవంపు రేకులు) వెనక వైపు కూడా ఇలాగే కొలత, తయారీదారు గుర్తు ఉంటాయి. వాటినీ ఫొటో తీయండి.

హెచ్చరిక: పాత గ్యాస్కెట్లు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. పొడిగా గీకి, గాలి కొట్టి దుమ్ము లేపకండి. తడిపి తీయండి, మాస్కు పెట్టుకోండి.

8. లేని భాగాలు కొనేటప్పుడు

మనకు చెన్నై పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు ఒక వైపు, బెంగళూరు జె.సి. రోడ్డు మరో వైపు. ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రాగల దూరాలే. పాత భాగం వెంట తీసుకెళ్లండి, ఫొటో చాలదు.

'వాడని పాత స్టాకు' అని మూతపెట్టిన డబ్బా చూపిస్తే, భాగం కన్నా ముందు డబ్బా చదవండి. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌లో కొత్త నాణేలు రాకముందు నాటి ముద్ర. చిరునామాలో ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తరువాతిది. బొంబాయికి బదులు ముంబై అని ఉంటే 1995 తరువాత, మద్రాసుకు బదులు చెన్నై అని ఉంటే 1996 తరువాత. కొత్త రూపాయి గుర్తు ఉంటే 2010 తరువాత. 1965 కారు కోసం చేసిన పాత స్టాకని చెబుతూ చెన్నై చిరునామా డబ్బా చూపిస్తే మాటకూ డబ్బాకూ పొంతన లేనట్టే. పాత డబ్బాలో కొత్త సరుకు పెట్టడం కూడా ఉంది కాబట్టి, డబ్బా నెగ్గితే భాగాన్ని పరీక్షించండి. అచ్చు అతుకు గీత మందంగా ఉండటం, గుర్తులోని అక్షరాల అంచులు మొద్దుబారి ఉండటం నకలు లక్షణాలు. అసలు భాగాన్నే అచ్చుగా పెట్టి పోసిన నకలు, లోహం చల్లారి కుంచించుకోవడం వల్ల, అసలుకన్నా రవ్వంత చిన్నదిగా వస్తుంది. వెర్నియర్ ఇక్కడ పనికొస్తుంది.

ఒక విషయంలో మాత్రం పాతదాని మీద మోజు పడకండి. రబ్బరు గొట్టాలు, ఆయిల్ సీళ్లు, పెట్రోలు పైపులు, గ్యాస్కెట్లు పెట్టెలో ఉన్నా ముసలివవుతాయి. మన ఎండలకు ఎండిపోయిన పాత పెట్రోలు పైపు బిగించడమంటే మంటకు దారి వేయడమే. ఇవి కొత్తవే, మంచి కంపెనీవే కొనండి.

9. లెక్క తేల్చడం

నోటుపుస్తకంలో ప్రతి భాగానికి ఒక వరుస రాయండి: గుర్తు, తేదీ, కొలత, ఫొటో నంబరు, మీ తీర్పు. తీర్పు ఈ మూడు మాటల్లో ఒకటై ఉండాలి: ఖాయం, కాలానికి సరి, కాదు. తెలియకపోతే ఖాళీ వదలండి. ఏ ఒక్క ఆధారంతోనూ 'ఖాయం' రాయకండి. కాగితం, గుర్తు, కొలత ఈ మూడింటిలో కనీసం రెండు కలవాలి. రాసిన వారం తరువాత, ఫొటోలు మాత్రమే చూస్తూ మళ్లీ తీర్పులు రాసి మొదటివాటితో పోల్చండి. మారినవాటిని మళ్లీ పరిశీలించండి.

కారుకు 50 ఏళ్లు దాటి, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలనుకుంటే ఈ పుస్తకం ఎంతో ఉపయోగపడుతుంది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం కారు అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు, తరువాత మళ్లీ చేయించడానికి 5,000. ఆ నంబరుతో కారును రోజువారీ పనులకు గానీ అద్దెకు గానీ తిప్పడానికి వీల్లేదు. రోజూ నడపాలనుకునేవారు మామూలు రిజిస్ట్రేషన్‌లోనే ఉండి, గడువు తీరినప్పుడల్లా పునరుద్ధరించుకోవడం మేలు.

తీసిన మూడు పెన్సిల్ ముద్రల్లో ఒకటి ఆర్.సి.తోపాటు, ఒకటి నోటుపుస్తకంలో, ఒకటి ఇంట్లో బీరువాలో ఉంచండి. పెన్సిల్ చెరిగిపోకుండా పైన పలుచని ప్లాస్టిక్ కాగితం వేయండి. ఇంజను బిగించి రంగు వేసే రోజున నంబరున్న చోట మాస్కింగ్ టేపు అంటించడం మరచిపోకండి.